నైరోబీలో కొత్తగా లిస్టయ్యే షేర్లు: దరఖాస్తు చేయాలా, ఆగి కొనాలా, వదిలేయాలా?

షేర్ల సూచీలు తయారుచేసే ఎంఎస్‌సీఐ సంస్థ ప్రపంచ స్టాక్ మార్కెట్లను అభివృద్ధి చెందినవి, వర్ధమానమైనవి, ఫ్రాంటియర్ మార్కెట్లు అని మూడు ప్రధాన శ్రేణులుగా విభజిస్తుంది. భారత్ రెండో శ్రేణిలో ఉంది. కెన్యా, బంగ్లాదేశ్, శ్రీలంక, వియత్నాం మూడో శ్రేణిలో ఉన్నాయి. 2021లో పాకిస్థాన్ రెండో శ్రేణి నుంచి ఇక్కడికి జారింది. ఈ మార్కెట్లలో లిస్టయిన కంపెనీలు తక్కువ, రోజువారీ లావాదేవీలు పలుచన, ఒకటి రెండు పెద్ద కంపెనీలే సూచీ మొత్తాన్ని లాగుతుంటాయి. కెన్యాలోని నైరోబీ ఎక్స్ఛేంజిలో ఉన్నవి అరవై పైచిలుకు కంపెనీలు మాత్రమే కాగా, టెలికాం సంస్థ సఫారీకామ్ ఒక్కటే కొన్ని సంవత్సరాల్లో మార్కెట్ మొత్తం విలువలో సగానికి పైగా ఆక్రమించింది.

ఇటువంటి చోట కొత్త షేరు వచ్చినప్పుడు మదుపరి ముందు ఐదు దారులు ఉంటాయి: ఐపీఓకు (కంపెనీ షేర్లను తొలిసారి ప్రజలకు అమ్మే ఇష్యూకు) దరఖాస్తు చేసి మొదటి రోజే అమ్మేయడం, దరఖాస్తు చేసి ఏళ్ల తరబడి ఉంచుకోవడం, ఐపీఓను వదిలేసి ధర చల్లారాక బజారులో కొనడం, ప్రజల నుంచి డబ్బు సేకరించకుండా నేరుగా లిస్టయిన కంపెనీలను ఎంచుకోవడం, అసలు షేర్ల జోలికి పోకుండా ప్రభుత్వ బాండ్లలో పెట్టడం. నైరోబీ అనుభవాన్ని ఆధారంగా తీసుకుని ఈ ఐదింటినీ పోల్చి చూద్దాం. నైరోబీనే ఎంచుకోవడానికి కారణం ఉంది. 2006 నుంచి 2015 వరకు అక్కడ ఐపీఓలు వరుసగా వచ్చాయి. వాటిలో ఆకాశానికి ఎగసినవి, నేలకూలినవి, ఎవరూ పట్టించుకోకపోయినా నిలబడినవి అన్నీ ఉన్నాయి. ఆ తర్వాత దాదాపు పదేళ్లు కరువే. 2025లో కెన్యా పైప్‌లైన్ కంపెనీలో 65 శాతం వాటా అమ్మకానికి జాతీయ శాసనసభ ఆమోదం తెలపడంతో పాత లెక్కలు తిరగేయాల్సిన అవసరం మళ్లీ వచ్చింది.

ముందుగా చూడాల్సిన కొలమానాలు

మొదటి రోజు ధర ఎంత పెరిగిందన్నది పత్రికల్లో పతాక శీర్షిక అవుతుంది గాని, మదుపరి చేతికి వచ్చే లాభాన్ని అది చెప్పదు. చెప్పేవి వేరే నాలుగు ఉన్నాయి.

అన్నిటికన్నా ముఖ్యమైనది కేటాయింపు నిష్పత్తి. అడిగినన్ని షేర్లు దక్కకపోతే లాభం దక్కిన వాటి మీదే వస్తుంది, డబ్బు మాత్రం అడిగిన వాటన్నిటికీ కట్టి ఉంచాలి. సఫారీకామ్ ఉదాహరణే చూద్దాం. 2008 మార్చి 28 నుంచి ఏప్రిల్ 23 వరకు దరఖాస్తులు తీసుకున్నారు, షేరు ధర 5 షిల్లింగులు, లిస్టింగ్ జూన్ 9న జరిగింది. దేశీయ చిన్న మదుపరులకు అడిగిన దానిలో ఐదో వంతుకు అటూఇటూగా దక్కింది. ఒక వ్యక్తి 10,000 షిల్లింగులకు దరఖాస్తు చేస్తే 2,100 షిల్లింగుల విలువైన 420 షేర్లు వచ్చాయనీ, వాటిని మొదటి రోజే 7 షిల్లింగుల 30 సెంట్లకు అమ్మగలిగాడనీ అనుకుందాం. షేరు మీద లాభం 46 శాతం, డబ్బు రూపంలో 966 షిల్లింగులు. బ్రోకరు కమిషన్, ఇతర రుసుములు కలిపి 2 శాతం చొప్పున సుమారు 60 తీసేయాలి. ఆ 10,000 బ్యాంకు అప్పు అయితే, ఏడాదికి 14 శాతం వడ్డీ చొప్పున రెండు నెలలకు మరో 233 పోతుంది. మిగిలేది 670 షిల్లింగులు. పేపర్లో కనిపించిన 46 శాతం కాస్తా పెట్టిన డబ్బు మీద 7 శాతానికి కూడా చేరలేదు. మరుసటి వారం ధర తగ్గాక అమ్మినవారికి అదీ లేదు.

రెండోది, డబ్బు ఎన్నాళ్లు బందీగా ఉంటుందన్నది. భారత్‌లో ఆస్బా పద్ధతిలో దరఖాస్తు సొమ్ము మన బ్యాంకు ఖాతాలోనే ఉండి వడ్డీ సంపాదిస్తుంది, ఇష్యూ ముగిసిన మూడు పని దినాల్లో లిస్టింగ్ అయిపోతుంది. ఈ సౌకర్యానికి అలవాటుపడిన మదుపరి అక్కడా అలాగే ఉంటుందనుకుంటే లెక్క తప్పుతుంది. 2008లో సఫారీకామ్ దరఖాస్తుదారుల డబ్బు వారాల తరబడి వసూలు బ్యాంకుల్లో ఉండిపోయింది, రిఫండులు ఆలస్యమయ్యాయని అప్పట్లో పెద్ద గొడవే జరిగింది. కాబట్టి ప్రాస్పెక్టస్ (ఇష్యూ వివరాల పత్రం) చేతికి రాగానే లాభాల అంచనాల కన్నా ముందు చూడాల్సింది తేదీల పట్టిక.

మూడోది, బయటపడే దారి. పలుచని మార్కెట్లో ధర ఉండడం వేరు, ఆ ధరకు కొనేవాడు ఉండడం వేరు. కెన్యా ఎయిర్‌వేస్ షేరు 1996లో 11.25 షిల్లింగులకు ప్రజలకు అమ్ముడై, దశాబ్దాలపాటు ఎక్స్ఛేంజిలో ఉన్నదే. జాతీయీకరణ ప్రతిపాదన కారణంగా 2020 జూలైలో దాని లావాదేవీలు నిలిపివేశారు, 2025 జనవరిలో గాని తిరిగి మొదలుపెట్టలేదు. నాలుగున్నరేళ్లు ఆ షేర్లున్న వారికి అమ్ముకునే వీలే లేకుండా పోయింది. చిన్న కంపెనీల్లో ఏ ఆంక్షా లేకుండానే ఇదే స్థితి రావచ్చు, ఎందుకంటే కొన్ని రోజుల్లో ఒక్క లావాదేవీ కూడా జరగదు.

నాలుగోది కరెన్సీ, కానీ ఇది అందరికీ ఒకేలా వర్తించదు. 2008 మధ్యలో డాలరు విలువ 63 షిల్లింగులకు అటూఇటూ, 43 రూపాయలకు అటూఇటూ ఉండేది; 2025లో సుమారు 129 షిల్లింగులు, సుమారు 87 రూపాయలు. అంటే డాలర్లలో సంపాదించి అక్కడ పెట్టినవారు కరెన్సీ వల్లనే సగం పోగొట్టుకోగా, రూపాయల్లో లెక్క వేసుకునేవారికి ఆ పదిహేడేళ్లలో తేడా దాదాపు లేదు. అయితే దారిలో కుదుపులు తక్కువేమీ కావు: 2024 జనవరిలో షిల్లింగు డాలరుకు 160 దాకా పతనమై, కొద్ది నెలల్లోనే 130 దగ్గరికి కోలుకుంది. ఆ జనవరిలో అమ్మవలసి వచ్చినవారు రూపాయల్లోనూ బాగానే నష్టపోయి ఉంటారు.

పన్ను విషయం క్లుప్తంగా: నైరోబీ ఎక్స్ఛేంజిలో అమ్మిన లిస్టెడ్ షేర్ల మీద కెన్యాలో మూలధన లాభాల పన్ను లేదు; డివిడెండు మీద నివాసులకు 5 శాతం, నివాసేతరులకు 15 శాతం మూలంలోనే కోత పడుతుంది.

గతంలో ఏం జరిగింది

| కంపెనీ | సంవత్సరం | ఇష్యూ ధర (షిల్లింగులు) | గిరాకీ | తర్వాతి నడక |
|---|---|---|---|---|
| కెన్‌జెన్ (విద్యుత్తు ఉత్పత్తి సంస్థ) | 2006 | 11.90 | 3 రెట్లకు పైగా | మొదటి రోజే 3 రెట్లకు పైగా పెరిగింది. 2016లో పాత వాటాదారులకు రైట్స్ షేర్లు 6.55కు ఇచ్చారు; 2023 చివరికి 3 కింద |
| ఎవరెడీ ఈస్ట్ ఆఫ్రికా | 2006 | 9.50 | అనేక రెట్లు | 2014లో నకురు ఫ్యాక్టరీ మూత. తర్వాతి ఏళ్లలో షేరు 1 షిల్లింగు దరిదాపులకు |
| సఫారీకామ్ | 2008 | 5.00 | 5 రెట్లకు పైగా | మొదటి రోజు 7 పైన. 2009లో 3 కింద. 2021లో 45 దరిదాపుల్లో. 2023 చివరికి 14 |
| కో-ఆపరేటివ్ బ్యాంక్ | 2008 | 9.50 | పూర్తిగా నిండలేదు | పలుమార్లు బోనస్ షేర్లు. 2025లో 15 పైన |
| బ్రిటిష్-అమెరికన్ ఇన్వెస్ట్‌మెంట్స్ (బ్రిటమ్) | 2011 | 9.00 | సుమారు 60 శాతం | కొద్ది నెలల్లోనే ఇష్యూ ధర కిందికి. 2014-15లో 25 దాటింది. 2023లో 5 దగ్గర |
| నైరోబీ ఎక్స్ఛేంజి | 2014 | 9.50 | 7 రెట్లకు పైగా | మొదట పెరుగుదల, మధ్యలో బోనస్. 2023లో 7 కింద |

ఈ పట్టికలో నాకు ముందుగా కనిపించేది, గిరాకీకీ తర్వాతి ఫలితానికీ పొంతన లేకపోవడం. ఎవరెడీకి జనం ఎగబడ్డారు. కంపెనీ చరిత్ర, బ్యాటరీల వ్యాపారం, చౌక దిగుమతుల పోటీ అందరికీ తెలిసినవే అయినా, కొద్ది నెలల ముందు కెన్‌జెన్ ఇచ్చిన లాభం కళ్లముందు మెదులుతుండగా అవేవీ ఎవరి లెక్కలోకీ రాలేదు. 2008 చివర్లో ప్రపంచ సంక్షోభం నడుమ వచ్చిన కో-ఆపరేటివ్ బ్యాంకు ఐపీఓ పూర్తిగా నిండలేదు. దానికి దరఖాస్తు చేసినవారు మాత్రం అడిగినన్ని షేర్లు పొందారు, తర్వాత బోనస్‌లూ డివిడెండ్లూ అందుకున్నారు.

ఎవరూ కోరనిదే మంచిదన్న సూత్రాన్ని దీన్నుంచి లాగకూడదు. పక్కనున్న ఉగాండాలో 2023 నవంబరులో లిస్టయిన ఎయిర్‌టెల్ ఉగాండాకు సగానికి కొంచెం ఎక్కువగా మాత్రమే గిరాకీ వచ్చింది. 100 ఉగాండా షిల్లింగుల ఇష్యూ ధర నుంచి షేరు తర్వాత కిందికే జారింది. అక్కడి టెలికాం సంస్థలు లైసెన్సు నిబంధన ప్రకారం 20 శాతం వాటా ప్రజలకు అమ్మాల్సి వచ్చింది. మార్కెట్ సిద్ధంగా ఉందా లేదా అన్నది అందులో రెండో మాట.

రెండోది, అమ్మేది ఎవరన్న ప్రశ్న. కెన్‌జెన్, సఫారీకామ్ ఇష్యూల్లో అమ్మింది ప్రభుత్వం. లక్షల మంది ఓటర్లకు మొదటి రోజే లాభం కనిపించాలన్న రాజకీయ కోరిక ధర నిర్ణయంలో ఉంటుంది, అందుకే ధరను కొంత తగ్గించే పెడతారు. ప్రైవేటు ప్రమోటరుకు ఆ అవసరం లేదు, వీలైనంత పూర్తి ధర అడుగుతాడు. ప్రభుత్వ ఇష్యూ అయినంత మాత్రాన మొదటి రోజు లాభం ఖాయమని మాత్రం అనుకోకూడదు. 2022 మేలో 949 రూపాయలకు ఇచ్చిన ఎల్ఐసీ షేరు మొదటి రోజే ఆ ధర కింద మొదలైన సంగతి మన మదుపరులకు గుర్తుండే ఉంటుంది.

దారి 1: దరఖాస్తు చేసి మొదటి రోజే అమ్మేయడం

సొంత డబ్బు ఉండి, అది రెండు నెలలు కదలకపోయినా ఇబ్బంది లేనివారికి, ప్రభుత్వం అమ్ముతున్న పెద్ద కంపెనీ విషయంలో ఈ దారి అర్థవంతమైనదే. పెద్ద ఇష్యూలో మొదటి రోజు లావాదేవీలు విరివిగా జరుగుతాయి కాబట్టి బయటపడడం కష్టం కాదు. నైరోబీలో మామూలు రోజుల్లో షేరు ధర కదలికకు 10 శాతం హద్దు ఉంటుంది, కానీ కెన్‌జెన్ మొదటి రోజు మూడు రెట్లు దాటడాన్ని బట్టే ఐపీఓ తొలి రోజుకు ఆ హద్దు వర్తించదని తెలుస్తుంది. ఆ ఒక్క రోజులోనే కథ దాదాపు ముగుస్తుంది.

ఇక్కడే మార్కెట్‌కూ మార్కెట్‌కూ తేడా వస్తుంది. ఢాకాలో తొలి రోజుల్లోనూ హద్దు ఉంటుంది, కనుక పెరుగుదల విడతలుగా సాగుతుంది. 2020 డిసెంబరు 24న 10 టాకాలకు లిస్టయిన టెలికాం సంస్థ రోబీ షేరు మొదటి రెండు రోజులు 50 శాతం చొప్పున, తర్వాత రోజుకు 10 శాతం చొప్పున హద్దు తాకుతూ మూడు వారాల్లో 70 టాకాల స్థాయికి చేరింది. ఆ పరుగులో చివర కొన్నవారు 2022 నాటికి 30 టాకాల దగ్గర చిక్కుకున్నారు. హోచిమిన్ నగర ఎక్స్ఛేంజిలో తొలి రోజు హద్దు 20 శాతం. 2018 జూన్ 4న లిస్టయిన టెక్‌కామ్‌బ్యాంక్ ఆ హద్దు మేరకు పడిపోయింది. హద్దు ఉన్నచోట మొదటి రోజు ధర అసలు ధర కాదు, అది తొలి మెట్టు మాత్రమే. ఢాకాలో మొదటి రోజే అమ్మినవాడు తొందరపడినట్టు అనిపించవచ్చు, నైరోబీలో మొదటి రోజు అమ్మనివాడు ఆలస్యం చేసినట్టు అనిపించవచ్చు. ఒక దేశపు అలవాటును ఇంకో దేశానికి మోసుకుపోవడం ఈ దారిలో సాధారణంగా జరిగే పొరపాటు.

అప్పు తెచ్చి దరఖాస్తు చేయడాన్ని మాత్రం నేను ఏ పాఠకుడికీ సూచించను. పైన వేసిన లెక్కలో కేటాయింపు 21 శాతం నుంచి 10 శాతానికి తగ్గితే, 46 శాతం పెరిగిన షేరు మీద కూడా చేతికి వచ్చేది సుమారు 200 షిల్లింగులే. ధర పెరగకపోతే వడ్డీ పూర్తిగా చేతి నుంచి పోతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది: మంచి ఇష్యూలో తక్కువ షేర్లు, నాసిరకం ఇష్యూలో అడిగినన్నీ దక్కుతాయి. బ్రిటమ్‌కు 10,000 పెట్టినవారికి 10,000 విలువైన షేర్లూ వచ్చాయి, అవే ధర కిందికి దిగాయి. ప్రతి ఐపీఓకూ ఒకే మొత్తంతో దరఖాస్తు చేసేవారి సంచిలో కాలక్రమంలో నాసిరకానివే ఎక్కువగా పోగుపడతాయి.

దారి 2: దరఖాస్తు చేసి ఉంచుకోవడం

సఫారీకామ్ షేరును 5 షిల్లింగులకు తీసుకుని ఉంచుకున్నవారు మొదటి నాలుగేళ్లలో ఎక్కువ కాలం నష్టంలోనే ఉన్నారు. ప్రపంచ ఆర్థిక సంక్షోభం, ఒకేసారి మార్కెట్లోకి వచ్చిపడిన 1,000 కోట్ల షేర్లు, అప్పు తీర్చడానికి అమ్మకానికి దిగిన జనం, ఇవన్నీ కలిసి ధరను 2009లో 3 షిల్లింగుల కిందికి తొక్కాయి. 2012-13 సరిహద్దులో గాని 5 పైన నిలదొక్కుకోలేదు. కంపెనీ మొబైల్ చెల్లింపుల సేవ ఎం-పెసా వ్యాపారం విస్తరించిన కొద్దీ 2021 నాటికి 45 దాకా ఎగసింది, రెండేళ్లలో మళ్లీ 14కు పడింది. 2025 డిసెంబరులో కెన్యా ప్రభుత్వం సఫారీకామ్‌లో 15 శాతం వాటాను షేరుకు 34 షిల్లింగుల చొప్పున వోడాకామ్‌కు అమ్మే ఒప్పందం ప్రకటించింది. మొత్తం మీద మంచి మదుపే, మధ్యలో వచ్చిన డివిడెండ్లు అదనం. కానీ ఆ మొదటి నాలుగేళ్లు ఓపిక పట్టిన చిన్న మదుపరులు ఎందరన్నది ఆలోచించాల్సిన విషయం.

కెన్‌జెన్ దీనికి తలకిందులు. మొదటి రోజు మురిపించింది, తర్వాత పదిహేడేళ్లలో ఇష్యూ ధరలో నాలుగో వంతు కన్నా కిందికి దిగజారింది. విద్యుత్తు ఉత్పత్తి సంస్థకు ఎడతెగని పెట్టుబడి అవసరం, కొనేది కూడా ప్రభుత్వ ఆధీనంలోని పంపిణీ సంస్థే. 2016లో రైట్స్ షేర్లను ఐపీఓ ధరలో సగం కన్నా కాస్త ఎక్కువకే ఇవ్వాల్సి వచ్చింది. అదే ప్రభుత్వం, ఇంచుమించు అదే కాలం, రెండూ జనం ఎగబడిన ఇష్యూలే. తేడా వ్యాపారంలో ఉంది: ఒకటి తన సేవకు తానే ధర పెట్టి జనం దగ్గర నేరుగా రోజూ వసూలు చేసుకునేది, మరొకటి నియంత్రణ సంస్థ అనుమతించిన ధరకు ఒకే ప్రధాన కొనుగోలుదారుకు అమ్మేది. దీర్ఘకాలం ఉంచుకోదలచినవారు ఐపీఓ పత్రంలో ముందు చూడాల్సింది ఈ ఒక్క విషయమే. పైప్‌లైన్ కంపెనీ వంటి సంస్థల సుంకాలను కూడా నియంత్రణ సంస్థే నిర్ణయిస్తుందన్నది ఇక్కడ గుర్తుంచుకోవాలి.

దారి 3: వదిలేసి, చల్లారాక కొనడం

ఎక్కువ మంది పాఠకులకు నేను సూచించేది ఇదే. పట్టికలోని షేర్లు ఎప్పుడో ఒకప్పుడు ఇష్యూ ధరకో, అంతకన్నా తక్కువకో బజారులో దొరికాయి. పలుచని మార్కెట్లో ఐపీఓ కోసమే కొత్తగా ఖాతా తెరిచిన జనం నెలల్లో అమ్మి వెళ్లిపోతారు, వారి స్థానంలో కొనడానికి తగినంత మంది ఉండరు; ఆ ఖాళీయే ఆగినవారికి అవకాశం. పైగా ఆగితే కేటాయింపు బెడద లేదు, డబ్బు బందీ కాదు, కంపెనీ లిస్టయ్యాక ప్రకటించిన రెండు మూడు ఏళ్ల ఫలితాలు చేతిలో ఉంటాయి.

అయితే ధర పడినంత మాత్రాన కొనకూడదు. ఎవరెడీ కూడా 9.50 నుంచి పడింది, పడుతూనే ఉంది. 2009లో సఫారీకామ్ 3 షిల్లింగుల దగ్గర ఉన్నప్పుడు వ్యాపారం పెరుగుతోంది, డివిడెండు ఇస్తోంది. ఎవరెడీ పడుతున్నప్పుడు అమ్మకాలు కుదించుకుపోతున్నాయి. వరుసగా రెండేళ్లు నగదు డివిడెండు ఇచ్చి, అది అప్పు చేసి ఇచ్చినది కాదని తేలితేనే కొనాలన్న కఠిన నియమం పెట్టుకుంటే కొన్ని మంచి అవకాశాలు తప్పిపోతాయి గాని, ఎవరెడీల బారిన పడే ప్రమాదం బాగా తగ్గుతుంది.

నష్టం లేదని కాదు. బ్రిటమ్‌ను 2011 చివర చౌకగా కొన్నవారు కూడా 2015 దగ్గర అమ్మకపోతే లాభం కరిగిపోయింది. ఫ్రాంటియర్ మార్కెట్లో కొనే ధర ఎంత ముఖ్యమో, అమ్మే నిర్ణయమూ అంతే ముఖ్యం.

దారి 4: నేరుగా లిస్టయిన కంపెనీలు

కొన్ని కంపెనీలు కొత్త షేర్లు అమ్మకుండా, ఉన్న షేర్లనే ఎక్స్ఛేంజిలోకి తెస్తాయి. దరఖాస్తు, కేటాయింపు, రిఫండు ఏవీ ఉండవు, కావలసినవారు మొదటి రోజు నుంచే బజారులో కొంటారు. నైరోబీలో దీనికి పెద్ద ఉదాహరణ ఈక్విటీ బ్యాంక్. 1984లో గృహరుణ సంఘంగా మొదలై 2004లో బ్యాంకుగా మారిన ఆ సంస్థ 2006 ఆగస్టులో 70 షిల్లింగుల ధరతో లిస్టయింది. 2009లో ఒక షేరును పదిగా విభజించారు. ఆ విభజన ఒక్కటి లెక్కలోకి తీసుకున్నా 70 కాస్తా 7 అవుతుంది. 2025లో షేరు 40 షిల్లింగుల పైన ఉంది. ఆర్భాటం లేకుండా వచ్చిన ఈ షేరు, అదే ఏడాది జనం ఎగబడిన కెన్‌జెన్‌నూ ఎవరెడీనీ ఎంతో వెనక్కి నెట్టింది.

ఇక్కడి ఇబ్బంది వేరు. పాత వాటాదారులు అమ్మితేనే షేర్లు దొరుకుతాయి, కాబట్టి మొదటి నెలల్లో కొద్దిపాటి లావాదేవీతోనే ధర ఎగిరిపడుతుంది. 2025 జూలైలో శ్రీ కృష్ణ ఓవర్సీస్ అనే ప్యాకేజింగ్ సంస్థ లిస్టయిన చిన్న కంపెనీల విభాగంలో ఈ సమస్య మరింత తీవ్రం. ఆ విభాగంలో పెట్టిన డబ్బు కావాలన్నప్పుడు తిరిగి రాదన్న లెక్కతోనే పెట్టాలి.

దారి 5: ట్రెజరీ బాండ్లు

ఏ కొత్త షేరు గురించి ఆలోచించేటప్పుడైనా పక్కన పెట్టి చూడాల్సిన సంఖ్య ఇది. 2024 ఫిబ్రవరిలో కెన్యా ప్రభుత్వం జారీ చేసిన ఎనిమిదిన్నరేళ్ల మౌలిక వసతుల బాండు మీద వడ్డీ 18.46 శాతం, దాని మీద పన్ను లేదు. అలాంటి వడ్డీ దొరికిన నాడు ఐపీఓలు ఎందుకు రాలేదో వేరే కారణం వెతకనక్కర్లేదు. 2025లో 91 రోజుల ట్రెజరీ బిల్లు వడ్డీ 8 శాతం దగ్గరికి దిగడంతో షేర్ల వైపు డబ్బు మళ్లింది, నైరోబీ ధరలు పెరిగాయి. వడ్డీలు తగ్గినప్పుడే కంపెనీలూ ప్రభుత్వాలూ షేర్లు అమ్మడానికి ముందుకొస్తాయి, అంటే కొత్త షేర్లు సాధారణంగా ధరలు అప్పటికే పెరిగి ఉన్న కాలంలోనే వస్తాయి. మూడో దారికి ఇదొక అదనపు సమర్థన.

ఎవరికి ఏది

నైరోబీలోనో మొంబాసాలోనో రెండు మూడేళ్ల కాంట్రాక్టు మీద పనిచేస్తూ షిల్లింగుల్లో జీతం తీసుకునే తెలుగువారికి కరెన్సీ మార్చుకునే బెడద మొదట ఉండదు, అక్కడి కేంద్ర డిపాజిటరీలో ఖాతా తెరవడం కూడా కష్టం కాదు. వీరికి ప్రభుత్వ పెద్ద ఇష్యూల్లో మొదటి దారి, మిగతా డబ్బుకు ఐదో దారి సరిపోతాయి. దరఖాస్తుకు ముందు తెలుసుకోవాల్సింది, తమను దేశీయ వాటాలో లెక్కిస్తారా, విదేశీ వాటాలోనా అన్నది. కెన్యా ఇష్యూల్లో స్థానికులకు, తూర్పు ఆఫ్రికా పౌరులకు, విదేశీయులకు వేర్వేరు కోటాలు ఉండడం మామూలే. కేటాయింపు నిష్పత్తి దాన్ని బట్టే మారిపోతుంది. కాంట్రాక్టు ముగిసేలోపు అమ్మలేని చిన్న కంపెనీల షేర్లు వీరికి తగవు.

తరతరాలుగా అక్కడే స్థిరపడి, పదేళ్లు ఆగగలిగే కుటుంబాలకు రెండో దారీ మూడో దారీ రెండూ తెరిచే ఉన్నాయి. వ్యాపారం నచ్చితే కొంత ఐపీఓలో తీసుకుని, మిగతాది ధర తగ్గినప్పుడు కొనడానికి ఉంచుకోవడం మంచి మధ్యేమార్గం. నాలుగో దారి పూర్తిగా వీరిదే, ఎందుకంటే ఏ కంపెనీ యాజమాన్యం ఎలాంటిదో దగ్గర నుంచి తెలిసేది వీరికే.

అమెరికాలోనో గల్ఫ్‌లోనో డాలర్లతో ముడిపడిన జీతం తీసుకునేవారు షిల్లింగు పతనాన్ని ముందే లెక్కలో వేసుకోవాలి. పదిహేడేళ్లలో కరెన్సీ సగమైతే, షేరు రెట్టింపు అయినా డాలర్లలో చేతికి వచ్చేది పెట్టిన అసలే.

భారత్‌లో ఉండి ఆసక్తితో చూసే మదుపరికి నియమాల రీత్యా అడ్డేమీ లేదు. సరళీకృత చెల్లింపుల పథకం కింద ఒక ఆర్థిక సంవత్సరంలో 2,50,000 డాలర్ల దాకా పంపవచ్చు. మదుపు కోసం పంపే సొమ్ము 10 లక్షల రూపాయలు దాటితే, దాటిన మేరకు 20 శాతం మూలంలోనే వసూలు చేస్తారు, రిటర్నులో దాన్ని సర్దుబాటు చేసుకోవచ్చు. విదేశీ షేర్ల మీద 24 నెలలు దాటాక వచ్చే లాభానికి 12.5 శాతం పన్ను ఉంటుంది, రిటర్నులోని షెడ్యూల్ ఎఫ్ఏలో (విదేశీ ఆస్తుల పట్టికలో) ఆ హోల్డింగును తప్పక చూపాలి. ఇబ్బంది ఆచరణలో ఉంది. మన యాప్‌లు అందించే విదేశీ మదుపు ఎక్కువగా అమెరికా మార్కెట్లకే పరిమితం కనుక, నైరోబీ బ్రోకరు దగ్గర నేరుగా ఖాతా తెరిచి, పత్రాలు ధ్రువీకరించి, ప్రతి బదిలీకీ బ్యాంకు రుసుములు కట్టుకోవాలి. లక్ష రూపాయల మదుపుకు ఈ శ్రమా ఖర్చూ గిట్టవు, ఐపీఓ కేటాయింపులో ఐదో వంతే దక్కితే అసలే గిట్టవు. మొత్తం పెద్దదై, అయిదేళ్లకు తక్కువ కాకుండా ఉంచగలిగితేనే ఇటు చూడాలి. అప్పుడు కూడా లిస్టింగు సందడి ముగిసి, రెండేళ్ల డివిడెండ్ల చరిత్ర ఉన్న ఒకటి రెండు పెద్ద కంపెనీలకే పరిమితం కావాలి.